1.5 టెస్లా రిపోర్టు నమ్మొచ్చా?

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మా నాన్నగారికి 68 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పన్నెండేళ్లుగా బీపీ ఉంది. 2016లో గుండెకు ఒక స్టెంట్ వేశారు. ఏడాదిగా మనుషుల పేర్లు వెంటనే తట్టడం లేదు, కళ్లజోడు ఎక్కడ పెట్టారో మరిచిపోతున్నారు. కాకినాడలో 1.5 టెస్లా (టెస్లా అంటే అయస్కాంతం బలానికి కొలత) మిషన్ మీద మెదడు ఎమ్మారై తీయించాం. 'వయసుకు తగ్గ సెరిబ్రల్ ఎట్రోఫీ, క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ ఛేంజెస్, ఫజేకాస్ గ్రేడ్ 1' అని రిపోర్టు ఇచ్చారు. ఎట్రోఫీ అంటే మెదడు కుంచించుకుపోవడమని నెట్‌లో చూసిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు అక్కడ 7 టెస్లా మిషన్లున్నాయని, ఫ్రాన్స్‌లో 11.7 టెస్లా కూడా వచ్చిందని వీడియో పంపాడు. పాత మిషన్ రిపోర్టు నమ్మకుండా హైదరాబాద్ తీసుకెళ్లి 3 టెస్లా మీద స్పెక్ట్రోస్కోపీ, ట్రాక్టోగ్రఫీ అన్నీ కలిపి మళ్లీ తీయించమంటున్నాడు. నాన్నగారేమో ఆ గొట్టంలోకి ఇంకోసారి వెళ్లనంటున్నారు. మొదటిసారే మధ్యలో బెల్ నొక్కేశారు. నాకు 41 ఏళ్లు. ముందు జాగ్రత్తగా నేను కూడా ఒకసారి తీయించుకుంటే మంచిదా? – ఒక కూతురు, కాకినాడ

సమాధానం:

అమ్మా, ముందు మీ ఇంట్లో వాళ్లకి నిద్ర పట్టాలి కాబట్టి ఆ మాటతోనే మొదలుపెడతాను. 68 ఏళ్ల మనిషి రిపోర్టులో 'వయసుకు తగ్గ ఎట్రోఫీ' అని రాయడం, జుట్టు నెరిసిందని రాయడం లాంటిదే. అరవై దాటాక మెదడు పరిమాణం ఏటా సుమారు అర శాతం తగ్గడం పూర్తి ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఉంటుంది. మీరు 'ఎట్రోఫీ' దగ్గర ఆగిపోయారు. నా కళ్లు మాత్రం దానికి ముందున్న 'వయసుకు తగ్గ' దగ్గర ఆగాయి. ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి రిపోర్టులు రాస్తున్నాను. వయసుకు మించి కుంచించుకుపోయిన మెదడును చూస్తే ఆ మాట రాయడానికి మాకు చెయ్యి రాదు.

ఇక ఫజేకాస్. అది ఆస్ట్రియాకు చెందిన ఒక న్యూరాలజిస్టు పేరు. 1987లో ఆయన బృందం పెట్టిన కొలత ఇది. ఎమ్మారైలో ఫ్లెయిర్ అనే సీక్వెన్స్, అంటే ఒక రకం బొమ్మ తీసే పద్ధతి, ఉంటుంది. అందులో మెదడు గదుల్లోని నీటిని నల్లగా చేసేస్తాం, అప్పుడు తెల్ల పదార్థంలోని మచ్చలు తెల్లగా పైకి తేలతాయి. చిన్న రక్తనాళాలు ఏళ్ల తరబడి బీపీ దెబ్బ తింటే వచ్చే మచ్చలే చాలావరకు అవి. గ్రేడ్ 1 అంటే అక్కడక్కడ ఆవగింజలు చల్లినట్టు చుక్కలు. 2లో ఆ చుక్కలు ఒకదానితో ఒకటి కలవడం మొదలవుతుంది. 3లో మబ్బుల్లా కమ్ముకుంటాయి. పన్నెండేళ్ల బీపీ తర్వాత కూడా నాన్నగారు 1లోనే ఉన్నారంటే, మందులు బాగానే వేసుకుంటూ వచ్చారని నేననుకుంటాను. ఆ మాట ఆయనతో చెప్పండి. సంతోషిస్తారు.

తమ్ముడు పంపిన వీడియో సంగతి. అది నిజమే. పారిస్ దగ్గర సాక్లేలో ఫ్రాన్స్ అణుశక్తి సంస్థ పరిశోధకులు కట్టిన మిషన్ అది. ఒక్క అయస్కాంతమే 132 టన్నుల బరువు. 2021లో మొదట అందులో పెట్టి చూసింది ఒక గుమ్మడికాయను. 2024 ఏప్రిల్‌లో 20 మంది ఆరోగ్యవంతుల మెదడు చిత్రాలు బయటపెట్టారు. మిల్లీమీటరులో ఐదో వంతు వివరం, అదీ నాలుగే నిమిషాల్లో. ఆ చిత్రాలు మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. మెదడు పైపొర మడతల్లో సన్నని రక్తనాళాలు దారాల్లా కనబడుతున్నాయి. ఈ వృత్తిలో ఉన్న ఎవరికైనా అది పండగే.

అయస్కాంతం పెద్దదైతే లాభమేమిటో మీ నాన్నగారికి అంకెల్లోనే చెప్పొచ్చు, లెక్కల మాస్టారు కదా. మన ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు ఒక్కొక్కటీ చిన్న అయస్కాంతమే. మిషన్‌లో పడుకోబెడితే అవి కొన్ని ఇటు, కొన్ని అటు తిరుగుతాయి. ఇటూ అటూ ఉన్నవి ఒకదాన్నొకటి కొట్టేసుకోగా, 1.5 టెస్లాలో పది లక్షలకు ఐదు మాత్రమే మిగులుతాయి. మేం చూసే బొమ్మంతా ఆ ఐదింటి నుంచి వచ్చే సంకేతమే. 3 టెస్లాలో అవి పది అవుతాయి, 7లో ఇరవై మూడు దాకా. సంకేతం పెరిగితే బొమ్మలో గరుకుదనం తగ్గుతుంది, ఇంకా సన్నని ముక్కలుగా కోసి చూడొచ్చు. పెద్ద మాగ్నెట్ కోసం ప్రపంచమంతా పరుగు పెట్టేది అందుకే.

అయితే ఆ వివరం ఎవరికి పనికొస్తుంది? అమెరికాలో 7 టెస్లా మిషన్‌కు వైద్యంలో వాడుకునే అనుమతి 2017లో వచ్చింది. మందులకు లొంగని మూర్ఛ ఉండి, 3 టెస్లాలో ఏమీ కనపడని మనిషికి, ఆపరేషన్ చేసి తీసేయగల చిన్న లోపం పైపొరలో దాక్కుని ఉందేమో వెతకడానికి 7 టెస్లా నిజంగా ఉపయోగపడుతుంది. నరాల తొడుగు దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బులో మెదడు పైపొర మచ్చలు చూడటానికీ అంతే. పేర్లు తట్టకపోవడానికి అది జవాబు చెప్పదు. పైగా నాన్నగారికి స్టెంట్ ఉంది. గుండె స్టెంట్లు మామూలుగా 1.5, 3 టెస్లాల్లో పరీక్షించి 'పరవాలేదు' అని ముద్ర వేసినవి. ఆ ముద్ర 7 టెస్లాకు వర్తించదు. ఇంప్లాంట్ ఉన్నవాళ్లను అందులోకి పంపడానికి చాలా చోట్ల ఒప్పుకోరు. తమ్ముడికి ఈ ఒక్క ముక్క చెబితే సగం వాదన తగ్గుతుంది.

నన్నడిగితే నా సర్వీసులో మెదడు ఎమ్మారైలో వచ్చిన అతి పెద్ద మార్పు మాగ్నెట్ సైజులో రాలేదు. ఒక ఉదయం సంగతి చెబుతాను. ఆరు కాకుండానే 58 ఏళ్ల ఆవిడని తీసుకొచ్చారు. రాత్రి పదింటికి బాగానే పడుకుందట. పాలబ్బాయి బెల్ కొడితే లేవబోయి కుడిచెయ్యి ఎత్తలేకపోయింది, మాట ముద్దగా వస్తోంది. పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపు అయితే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. నిద్రలో వచ్చింది కాబట్టి ఎప్పుడు మొదలైందో ఆవిడకే తెలియదు. ఒకప్పుడైతే 'టైం తెలియదు' అని ఇంజెక్షన్ ఇవ్వకుండా ఊరుకునేవాళ్లం.

ఆ రోజు డిఫ్యూజన్ అనే సీక్వెన్స్ తీశాం. కణాల మధ్య నీరు ఎంత స్వేచ్ఛగా కదులుతుందో అది కొలుస్తుంది. రక్తం అందని కణాలు ఉబ్బిపోతే వాటి మధ్య నీటికి కదిలే దారి ఉండదు, ఆ చోటు తెల్లగా వెలుగుతుంది. పక్షవాతంలో ఇది నిమిషాల్లోనే కనబడుతుందని 1990లో కాలిఫోర్నియాలో మోస్లీ బృందం పిల్లుల మెదళ్లలో చూపించింది. ఆవిడ తలలో ఎడమవైపు బొటనవేలి గోరంత తెల్లమచ్చ కనబడింది. వెంటనే ఫ్లెయిర్ తెరిచి అదే చోట చూశాను. ఏమీ లేదు. ఫ్లెయిర్‌లో మచ్చ తేలడానికి గంటలు పడుతుంది. డిఫ్యూజన్‌లో ఉండి ఫ్లెయిర్‌లో లేదంటే దెబ్బ తగిలి ఎక్కువసేపు కాలేదని అర్థం. ఇలా తేడా చూసి ఇంజెక్షన్ ఇస్తే పూర్తిగా కోలుకునేవాళ్లు పెరుగుతారని 2018లో యూరప్‌లో 503 మందితో చేసిన ట్రయల్‌లో తేలింది. ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లలో 53 శాతం మంది, ఇవ్వనివాళ్లలో 42 శాతం మంది మంచి స్థితికి వచ్చారు. ఆవిడకు ఇంజెక్షన్ ఇచ్చారు. మూడో రోజు వార్డుకెళితే ఆ కుడిచేత్తోనే జడ అల్లుకుంటోంది. ఆ మిషన్ 1.5 టెస్లాదే.

అందుకే ఎవరైనా స్కాన్ గురించి అడిగితే నేను ముందు అడిగేది, దాంతో మనం తెలుసుకోవాల్సిందేమిటి అని. మతిమరుపు ఉన్న పెద్దాయనకు ఎమ్మారై తీసేటప్పుడు మేం వెతికేవి కొన్నే. తలలో గడ్డ ఉందా? ఎప్పుడో బాత్రూంలో జారిపడితే పుర్రె కింద నెమ్మదిగా రక్తం చేరిందా? మెదడు గదుల్లో నీరు ఎక్కువైందా? దీనికి నడకలో తడబాటు, మూత్రం ఆపుకోలేకపోవడం కూడా తోడవుతాయి. తెలియకుండా వచ్చి పోయిన పక్షవాతాల గుర్తులున్నాయా? ఈ నాలుగింటికీ 1.5 టెస్లా చాలా బాగా జవాబు చెబుతుంది. మీ రిపోర్టులో ఇవేవీ లేవు. ఇది మంచి రిపోర్టమ్మా.

ఐదో ప్రశ్న ఒకటుంది, మీరు రాసినదాన్ని బట్టి మీ రిపోర్టు దాన్ని ముట్టుకున్నట్టు లేదు. చెవుల ఎత్తులో, మెదడు లోతట్టున రెండువైపులా హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంటుంది. కొత్త జ్ఞాపకాలు నిలిచేది దాని వల్లే. ఆల్జీమర్స్‌లో ముందుగా కుంచించుకుపోయే వాటిలో ఇదొకటి. నిలువుకోత బొమ్మల్లో దీన్ని చూసి 0 నుంచి 4 దాకా గ్రేడ్ ఇస్తాం, దాన్నే ఎంటీఏ గ్రేడ్ అంటాం. దీనికి కొత్త స్కాన్ అక్కర్లేదు. తీసిన సెంటర్‌కే వెళ్లి, 'ఎంటీఏ గ్రేడ్ కూడా రాసి ఇవ్వండి, చిన్న చిన్న రక్తపు మచ్చలు ఏమైనా ఉన్నాయేమో ఎస్‌డబ్ల్యూఐలో చూసి చెప్పండి' అని అడగండి. ఎస్‌డబ్ల్యూఐ అంటే పాత రక్తంలోని ఇనుమును పట్టుకునే సీక్వెన్స్. బీపీ ఉన్నవాళ్లలో, స్టెంట్ కోసం రక్తం పలచనయ్యే మాత్రలు వాడేవాళ్లలో అది చూడటం అవసరం. ఆ సీక్వెన్స్ తీసి ఉంటే ఉన్న బొమ్మల్లోనే కనబడుతుంది. ఫిల్ముతో సరిపెట్టుకోకుండా బొమ్మలన్నీ సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో తీసుకుని దాచుకోండి. రెండేళ్ల తర్వాత మళ్లీ స్కాన్ అవసరమైతే, పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి ఈ పాత స్కాన్‌కు మించినది ఉండదు.

స్పెక్ట్రోస్కోపీ, ట్రాక్టోగ్రఫీ గురించి రెండు మాటలు. స్పెక్ట్రోస్కోపీ మెదడులో ఒక చోట ఏ రసాయనాలు ఎంతున్నాయో చెబుతుంది. మన దేశంలో ఫిట్స్‌తో వచ్చేవాళ్ల మెదడులో ఉంగరంలాంటి మచ్చ కనబడితే, అది టీబీ గడ్డా, బద్దెపురుగు తిత్తా అని తేల్చుకోవడంలో సాయపడుతుంది. టీబీ గడ్డలో కొవ్వు సంకేతం పెద్దగా వస్తుంది. ట్రాక్టోగ్రఫీ మెదడులోని తీగల దారిని గీసి చూపిస్తుంది. గడ్డ తీసే సర్జన్ చెయ్యి కదిపే తీగలను తప్పించుకోవడానికి వాడతారు. రంగురంగుల ఆ బొమ్మలు ఎంతో అందంగా ఉంటాయి. నాన్నగారి మందుల చీటీలో వాటివల్ల ఒక్క అక్షరం కూడా మారదు.

మరి నాన్నగారికి ఏం చేయాలి? ముందు మీరు పది రోజులు గమనించండి. పేరు అప్పుడు తట్టక సాయంత్రానికి గుర్తొస్తుంటే అది ఒక రకం. అడిగిన ప్రశ్ననే పావుగంటలో మళ్లీ మళ్లీ అడగడం, కరెంటు బిల్లు కట్టడంలో తికమక, రోజూ వెళ్లే గుడి దారి తప్పడం వేరే రకం. రెండో రకం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. ఏదైనా సరే, ఒకసారి న్యూరాలజిస్టుకు చూపించి జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులోనే చేయించండి. ఇంగ్లీషు ప్రశ్నలను అప్పటికప్పుడు తెలుగులో చెప్పి మార్కులు వేస్తే అది సరైన పరీక్ష కాదు. ఐసీఎంఆర్ వాళ్లు అయిదు భారతీయ భాషల్లో ఇలాంటి పరీక్షలు తయారు చేయించారు, అందులో తెలుగు ఒకటి. చదువుకున్నవాళ్లకీ చదువు లేనివాళ్లకీ వేరువేరుగా కొలతలున్నాయి. మాస్టారుగారు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి, తేలిక ప్రశ్నలతో ఆయన లోపం బయటపడదు. రక్తంలో బీ12, థైరాయిడ్ చూపించండి. ఈ రెండూ తగ్గినా మతిమరుపు వస్తుంది, మందులతో సరవుతుంది కూడా. మనసు బాగుందా, రాత్రి గురక పెడుతూ ఊపిరి ఆగినట్టు అవుతోందా అన్నదీ డాక్టరుకు చెప్పండి.

చెవి పరీక్ష తప్పనిసరి. ఇది మా అమ్మ విషయంలో నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. 74వ ఏట ఆవిడ చెప్పిన పనులు మరిచిపోతోందని మేమంతా టెన్షన్ పడ్డాం. నేనే దగ్గరుండి స్కాన్ తీయించాను, బాగానే ఉంది. ఏడెనిమిది నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు వంటింట్లో ఆవిడ పక్కనే కుక్కర్ విజిల్ వేస్తుంటే, హాల్లోంచి నేను లేచి వెళ్లి స్టవ్ కట్టేశాను. ఆవిడకు వినబడనే లేదు. మేం చెప్పినవి సగం ఆవిడ చెవిన పడటమే లేదు, చెవిన పడనిది గుర్తుండాలని మేం ఆవిడను నిలదీస్తూ వచ్చాం. చెవి మిషన్ పెట్టించాక మనవలతో కబుర్లు మళ్లీ మొదలయ్యాయి. ఆ ఏడెనిమిది నెలలు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక బీపీ. స్కాన్‌కు పెట్టే డబ్బుకన్నా దీని మీద పెట్టే శ్రద్ధే నాన్నగారి మెదడును కాపాడుతుంది, ఇది ఎమ్మారైలోనే రుజువైంది. 2019లో వెలువడిన అమెరికా ట్రయల్‌లో తొమ్మిది వేల మందికి పైగా ఉన్నారు. పై అంకెను 120 లోపుకు తెచ్చినవాళ్లలో, 140 లోపు ఉంచినవాళ్లకన్నా జ్ఞాపకశక్తి కుంటుపడే తొలి దశ తక్కువగా వచ్చింది. వాళ్లలో కొందరికి నాలుగేళ్ల తేడాతో రెండుసార్లు స్కాన్ చేసి, మీ రిపోర్టులో ఉన్నలాంటి తెల్లమచ్చలే ఎంత పెరిగాయో కొలిచారు. 120 గుంపులో పెరుగుదల తక్కువ. షుగర్ ఉన్నవాళ్లను ఆ ట్రయల్‌లో తీసుకోలేదు, లేచి నిలబడితే కళ్లు తిరిగేవాళ్లకు అంత తగ్గించడం మంచిది కాదు. కాబట్టి మీరే మాత్ర పెంచేయకుండా, రెండు వారాలు పొద్దున, సాయంత్రం ఇంట్లో చూసిన బీపీ ఒక నోట్‌బుక్‌లో రాసి డాక్టరుకు చూపించండి.

గొట్టం అంటే నాన్నగారి భయం సంగతి. అది చాలా మందికి ఉంటుంది, సిగ్గుపడాల్సింది కాదు. ముఖం మీద పంజరంలా కాయిల్ బిగించి, చుట్టూ సుత్తితో కొట్టినట్టు చప్పుడు చేస్తుంటే ఎవరికైనా గుండె దడే. ముందుముందు ఎప్పుడైనా నిజంగా స్కాన్ కావాల్సి వస్తే, గొట్టం వెడల్పు 70 సెంటీమీటర్లున్న మిషన్ అడగండి, పాతవి 60 ఉంటాయి. లోపలికి వెళ్లకముందే కళ్ల మీద గుడ్డ కట్టించుకుంటే చాలామందికి తేలికగా ఉంటుంది. మీరు లోపల ఆయన కాలు పట్టుకుని కూర్చోవచ్చు, మీ ఒంటి మీద ఇనుప వస్తువులు, లోపల ఇంప్లాంట్లు లేకపోతే. ముఖ్యంగా, టైం తగ్గింది. ఈ పదిహేనేళ్లలో వచ్చిన అసలైన సుఖం ఇదే. చుక్కల ముగ్గు తెలిసిన ఆవిడకు అన్ని చుక్కలూ పెట్టి చూపించక్కర్లేదు, నాలుగో వంతు చుక్కలు చూసి మొత్తం ముగ్గు వేసేస్తుంది. మిషన్ కూడా అలాగే తక్కువ కొలతలు తీసుకుని మిగతా బొమ్మ లెక్కగట్టి పూరిస్తుంది. 2007 నుంచి గణితంతో మొదలైన ఈ పని ఇప్పుడు ఏఐతో ఇంకా వేగంగా నడుస్తోంది. ఇందులో మేం జాగ్రత్తగా చూసుకోవాల్సిందొకటుంది. అలవాటైన ముగ్గే వేస్తే, అసలు ముగ్గులో కొత్తగా ఉన్న మెలిక పోవచ్చు. ఏఐతో పూరించిన బొమ్మల్లో లేని గీతలు పుట్టుకొచ్చిన సందర్భాలు పరిశోధకులే చూపించారు. అందుకే అనుమానం ఉన్న చోట ఆ సీక్వెన్స్‌ను పూర్తిగా మళ్లీ తీయమంటాం.

చివరగా మీ సంగతి. ఏ బాధా లేకుండా ముందు జాగ్రత్త స్కాన్ వద్దు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో సగటున 63 ఏళ్ల వయసున్న 2000 మందికి, ఏ ఫిర్యాదూ లేకుండా మెదడు ఎమ్మారై తీశారు. 145 మందిలో తెలియకుండా వచ్చి పోయిన పక్షవాతం గుర్తు, 1.8 శాతం మందిలో రక్తనాళం ఉబ్బు, 1.6 శాతం మందిలో ప్రమాదం లేని గడ్డ కనబడ్డాయి. కనబడ్డాక వాటిని ఏం చేయాలన్నదే కష్టం. మూడు మిల్లీమీటర్ల ఉబ్బు ఉందని తెలిసిన మనిషి ఆపరేషన్ చేయించుకోలేక, మరిచిపోలేక ఏళ్ల తరబడి నలిగిపోవడం నేను కళ్లారా చూశాను. మీ అమ్మగారి వైపో నాన్నగారి వైపో దగ్గరి బంధువులు ఇద్దరికి మెదడులో రక్తనాళం చిట్లిన చరిత్ర ఉంటే మాత్రం మళ్లీ రాయండి, అప్పుడు నా జవాబు వేరు.

ఈ జాగ్రత్త మాత్రం ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకోండి. నాన్నగారి మూతి ఒకవైపు జారినా, ఒక చెయ్యి వాలిపోయినా, మాట ముద్దయినా, అది రెండు నిమిషాల్లో సర్దుకున్నా సరే, టైం చూసి రాసుకుని 108కి ఫోన్ చేయండి. అప్పుడు పెద్ద మాగ్నెట్ ఎక్కడుందని వెతకొద్దు. పక్షవాతానికి ఇంజెక్షన్ ఇచ్చే ఆస్పత్రి కాకినాడలో మీ ఇంటికి ఏది దగ్గరో ఈ వారంలోనే కనుక్కుని పెట్టుకోండి.